గుత్త కూలి, కనీస వేతనం: వ్యవసాయ శ్రమను లెక్కించుటలో విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం ముగించుకొని వచ్చిన విద్యార్థుల నివేదికలలో సాగు ఖర్చుల పట్టిక తప్పనిసరిగా ఉంటుంది. విత్తనం ఏ రకము, ఎరువు ఎన్ని బస్తాలు, మందు ఎన్ని మిల్లీలీటర్లు అన్న వాటికి ఆధారం చూపగల విద్యార్థి కూలి ఖర్చు వద్దకు వచ్చేసరికి ఒక్క వరుసతో సరిపెట్టుకుంటాడు. ఇన్ని కూలి దినాలు, దినానికి ఇంత రేటు, మొత్తం ఇంత. ఆ దినం ఎన్ని గంటలది, ఆ రేటు ఎవరి చేతికి అందినది, అందులో ఆటో కిరాయి ఎంత, మేస్త్రి వాటా ఎంత అన్న ప్రశ్నలు పట్టికలో కనిపించవు. వరి, పత్తి, మిరప వంటి పంటలలో సాగు ఖర్చులో పెద్ద భాగం మనుషుల శ్రమదే కనుక, అన్నిటికంటె పెద్ద అంకెనే మనం అన్నిటికంటె తక్కువ శ్రద్ధతో నమోదు చేస్తున్నామన్నమాట.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సాగుదారులు సుమారు 11.9 కోట్లు, వ్యవసాయ కూలీలు సుమారు 14.4 కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కూలీల సంఖ్య 1.7 కోట్లకు దగ్గరగా ఉన్నది. మన విస్తరణ సేవలు ‘రైతు’ అన్న పదం చుట్టూ నిర్మితమైనవి. పొలంలో వాస్తవంగా నారు నాటేవారు, కలుపు తీసేవారు, పత్తి ఏరేవారు అత్యధికంగా ఆ రెండవ సంఖ్యలోనివారు.

చట్టం ఏమి చెప్పినది

1948 నాటి కనీస వేతనాల చట్టంలో పనుల జాబితా రెండు భాగాలుగా ఉండేది. రెండవ భాగమంతా వ్యవసాయమే. అందులో వ్యవసాయమంటే దుక్కి, సాగు మాత్రమే గాక పాడి, ఉద్యాన పంటలు, పశువుల, కోళ్ళ, తేనెటీగల పెంపకం, పంటను మార్కెట్టుకు సిద్ధం చేయడం, గిడ్డంగికి చేర్చడం కూడా చేరుతాయి. కల్లంలో ధాన్యం తూర్పారబట్టే స్త్రీ, మిరపకాయలకు తొడిమలు తీసే స్త్రీ ఈ నిర్వచనం పరిధిలోనివారే.

ఈ జాబితాలో చేరడం ఒక ఎత్తు, రేటు నిర్ణయం మరొక ఎత్తు. వ్యవసాయ కూలీల జీవన స్థితిగతులు తెలియకుండా వేతనం నిర్ణయించడం సాధ్యం కాదన్న ఉద్దేశంతో 1950-51లో మొదటి అఖిల భారత వ్యవసాయ కార్మిక విచారణ, 1956-57లో రెండవది జరిగినవి. రేట్లను అయిదేండ్లకు మించకుండా సవరించాలని చట్టం నిర్దేశించినది. నిర్ణయానికి సంఘాన్ని వేస్తే అందులో యజమానుల, కూలీల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండాలి. స్వతంత్ర సభ్యులు మూడవ వంతుకు మించరాదు. వ్యవసాయ ఆర్థిక శాస్త్రవేత్తలు ఈ మూడవ వర్గంలో పనికివచ్చే జ్ఞానం కలవారు. ప్రాంతానికొక రేటు, పనికొక రేటు నిర్ణయించే వెసులుబాటు కూడా ఉన్నందున, విద్యార్థి మొదట తన మండలానికి వర్తించే తాజా ఉత్తర్వును కార్మిక శాఖ నుండి తెచ్చుకొని, పక్కన పెట్టుకొని సర్వే ప్రారంభించాలి. పత్రికలో చూసిన అంకెతోనో, ఉపాధి హామీ రేటుతోనో పని జరుపుకోరాదు. ఉపాధి హామీ వేతనం వేరే చట్టం క్రింద వేరే పద్ధతిలో ప్రకటించేది. దానినే ‘కనీస వేతనం’ అని రాయడం మన నివేదికలలో తరచు కనిపించే పొరపాటు.

కనీస వేతనం ఎంత ఉండాలన్న దానికి 1957 నాటి 15వ భారత కార్మిక సదస్సు ఒక కొలమానం ఇచ్చినది. కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు, పెద్దవానికి దినానికి 2,700 కాలరీలు, నలుగురు సభ్యులకు ఏడాదికి 72 గజాల వస్త్రం, ఇంటి అద్దె, మొత్తం కనీస వేతనంలో వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం వంటి వాటికి మరొక 25 శాతం చేర్చాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పినది. యజమానికి ఇచ్చే శక్తి ఉన్నదా లేదా అన్నది కనీస వేతన నిర్ణయంలో అడ్డంకి కాదని కేరళ పెంకుల పరిశ్రమ కేసులో 1961లోనే తేల్చినది. కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయే అవుతుందని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో, 1983లో రాజస్థాన్ కరవు పనుల కేసులో తీర్పులు వచ్చినవి. మన గ్రామాలలో వెట్టి, భాగేలా, ఏడాది జీతగాని అప్పు పత్రం చూసిన తరానికి ఈ మాట వివరించనక్కరలేదు.

గుత్త: గంటలు కనబడని కూలి

కోస్తా జిల్లాలలోనూ తెలంగాణలోనూ నేడు వరి నాట్లలో అధిక భాగం దినకూలి మీద గాక గుత్త మీద నడుస్తున్నవి. ముఠాగా వచ్చిన స్త్రీలు ఎకరానికి ఇంత అని మాట్లాడుకొని, చీకటితో వచ్చి, పొద్దు గుంకేవరకు నాటి వెళ్తారు. తెలంగాణలో కైకిలికి పోవడం, గుత్తకు పోవడం అన్నవి రెండు వేరు మాటలు. కైకిలిలో వేళలు ఉంటాయి. గుత్తలో వేళలు ఉండవు.

గుత్త కూలి దినకూలి కంటె ఎక్కువ గిట్టుతుందని రైతూ అంటాడు, కూలీ అంటుంది. ఇద్దరి మాటా అబద్ధం కాదు. అయితే దానిని చట్టం కొలిచే గజంతో కొలిచి చూడాలి. లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకొందాం. ఎకరానికి 4,800 రూపాయల గుత్త. 12 మంది స్త్రీల ముఠా ఒక రోజులో రెండెకరాలు నాటినది. వచ్చినది 9,600. ఆటోకు 600, మేస్త్రికి 600 పోగా మిగిలిన 8,400ను పంచుకుంటే తలా 700. విద్యార్థి తన పట్టికలో ‘కూలి రేటు 800’ అని రాస్తాడు, ఎందుకంటే రైతు చెల్లించినది 9,600, మనుషులు 12 మంది. మొదటి తప్పు ఇక్కడే జరిగినది: రైతుకు అయిన ఖర్చు, కూలీకి అందిన వేతనం రెండు వేర్వేరు రాశులు. సాగు ఖర్చుకు మొదటిది కావాలి, వేతన అధ్యయనానికి రెండవది కావాలి.

ఇక గంటలు. ఉదయం 6 నుండి సాయంత్రం 5 వరకు, మధ్యలో గంట విరామం తీసివేస్తే పని 10 గంటలు. 700ను 10తో భాగించి 8తో హెచ్చిస్తే ఎనిమిది గంటల దినానికి 560. కాని ఎనిమిది గంటలను మామూలు దినంగా తీసుకుంటే, అది దాటిన పనికి అదనపు రేటు ఉండాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉన్నది. 1950 నాటి కేంద్ర నియమావళిలో ఇతర షెడ్యూలు పనులకు అదనపు గంటల రేటు రెట్టింపు. వ్యవసాయానికి మాత్రం ఒకటిన్నర రెట్లు. ఆ లెక్కన 10 గంటలు 11 మామూలు గంటలకు సమానం. ఎనిమిది గంటల కూలి 509 రూపాయలు. 2019 వేతనాల స్మృతి అదనపు గంటలకు రెట్టింపు తగ్గరాదన్నది. ఆ లెక్కన 12 మామూలు గంటలు, ఎనిమిది గంటల కూలి 467. ఒకే రోజు, ఒకే పొలం, ఒకే ముఠా; 800 అని రాసుకున్న అంకె 467కు దిగినది. ఇందులో ఊరి నుండి పొలానికి వచ్చిపోయే సమయం చేర్చలేదు.

ఈ 467 స్థానిక కనీస వేతనం కంటె ఎక్కువే కావచ్చు. నాట్ల అదనులో మనుషులు దొరకరు కనుక గుత్త రేటు పైకి పోతుంది. చట్టభంగం నిరూపించడం ఈ లెక్క ఉద్దేశం కాదు. నాట్ల సమయపు రేటు చూసి ‘కూలి రేట్లు విపరీతంగా పెరిగిపోయినవి’ అని తీర్మానించే ముందు గంటల లెక్క తీయవలసి ఉన్నదని మాత్రమే నా మనవి. ఆ రేటు ఏడాదిలో ఎన్ని రోజులు ఉంటుందన్నది దాని వెంటనే అడగవలసిన ప్రశ్న.

గుత్త విషయంలో పాత చట్టం 17వ సెక్షను మనకు ముఖ్యమైనది. పని పరిమాణాన్ని బట్టి చెల్లించేచోట, ఆ పనికి ప్రత్యేకంగా పరిమాణ రేటు నిర్ణయించకుండా కాలాన్ని బట్టి మాత్రమే కనీస రేటు ఉన్నట్లయితే, ఆ కాలపు రేటుకు తగ్గకుండా చెల్లించాలని ఆ సెక్షను అర్థం. అనగా గుత్త అన్న పేరు కనీస వేతనాన్ని తొలగించజాలదు. మేస్త్రి మధ్యలో ఉన్నాడన్న మాట కూడా బాధ్యతను తొలగించదు. నేరుగా గాని మరొకరి ద్వారా గాని పని పెట్టుకున్నవాడు యజమానియే అని నిర్వచనం చెబుతున్నది.

పత్తి ఏరుడు, ఒకే రేటులోని రెండు ముఖాలు

17వ సెక్షను అసలు ప్రాముఖ్యం వరిలో కంటె పత్తిలో తెలుస్తుంది. పత్తి ఏరుడుకు కిలోకు ఇంత అని చెల్లిస్తారు. మొదటి, రెండవ ఏరుడులో కాయ బాగా పగిలి ఉంటుంది. ఒక స్త్రీ దినానికి 50 కిలోలు ఏరగలిగినదనుకొందాం. కిలోకు 10 రూపాయలైతే 500. ఆఖరి ఏరుడుకు వచ్చేసరికి చెట్టుకు అక్కడొకటి ఇక్కడొకటి మిగులుతుంది. ఎండలో అంతే సేపు తిరిగితే 20 కిలోలు; అదే రేటున 200. రేటు మారలేదు, పని గంటలు మారలేదు, ఏరే చేయి మారలేదు. అయినా పంటకాలం మధ్యలో ఎక్కడో ఒక రోజున ఆ కూలి చట్టబద్ధమైన గీత దాటి క్రిందికి పోయినది.

రైతు వైపు నుండి చూస్తే ఆఖరి ఏరుడు పత్తి నాణ్యత తక్కువ, ధర తక్కువ. కిలో రేటు పెంచితే ఏరించడమే దండుగ. అందుకే కొన్ని ఊళ్ళలో ఆఖరి ఏరుడుకు రేటు పెంచుతారు, కొన్నిచోట్ల దినకూలికి మారుతారు, మరికొన్నిచోట్ల చేలో వదిలేసి పశువులను తోలుతారు. ఈ మూడింటిలో ఏది ఎక్కడ ఎందుకు జరుగుతున్నదో ఏరుడువారీగా నమోదు చేసిన అధ్యయనం స్నాతకోత్తర విద్యార్థికి మంచి పరిశోధనాంశం. ఒక పంటకాలానికి ఒకే ‘సగటు ఏరుడు కూలి’ రాస్తే ఈ విషయం మొత్తం సగటులో కలిసి మాయమవుతుంది.

సంకర పత్తి విత్తనోత్పత్తిలో చిక్కు ఇంకొంత లోతైనది. నంద్యాల, గద్వాల ప్రాంతాలలో ఈ సాగు చిరకాలంగా ఉన్నది. కంపెనీ, ఆర్గనైజరు, రైతు, కూలీ అన్న నాలుగు మెట్ల వ్యవస్థలో విత్తన ధర పై మెట్టున నిర్ణయమవుతుంది. రైతు చేతిలో తగ్గించుకోగల ఖర్చు పూలు గిల్లి, పుప్పొడి అద్దే చేతుల కూలి ఒక్కటే. ఆ ఒత్తిడిలోనే ఆడపిల్లల చేత అడ్వాన్సుల మీద పని చేయించే పద్ధతి పెరిగి, జాతీయంగా విమర్శకు గురైనది. 2016 సవరణ తరువాత 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధం. నిషేధం అమలు కావాలంటే పెద్దల కూలికి సరిపోయే ధర రైతుకు రావాలన్నది ఆ పొలాల్లో తిరిగిన ఎవరికైనా తెలిసే విషయం.

స్త్రీల పని, పురుషుల పని

1976 సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికి స్త్రీ పురుష భేదం చూపరాదన్నది. వేతనాల స్మృతిలోనూ అదే నియమం ఉన్నది. వ్యవసాయంలో ఈ భేదం నిలబడటానికి సాధనం పనుల విభజనయే. దుక్కి, గట్లు చెక్కడం, మందు కొట్టడం, బస్తాలు మోయడం పురుషుల పనులు. నాటు, కలుపు, ఏరుడు స్త్రీల పనులు. పనులే వేరు అయినప్పుడు ‘ఒకే పని’ అన్న ప్రశ్న తలెత్తదు. పది గంటలు నడుము వంచి బురదలో వెనుకకు నడిచే పనిని ‘తేలిక పని’ అన్నది ఎవరో ఒకసారి నాటు వేసి చూసిన తరువాత అన్నది కాదు.

మన సాంకేతిక సిఫారసులు ఈ విభజన మీద ఎట్లా పని చేస్తున్నవో కూడా చూడవలసి ఉన్నది. వెదజల్లు పద్ధతి, డ్రమ్ సీడరు నాటును తొలగిస్తాయి. కలుపు మందు కలుపుతీతను తొలగిస్తుంది. శ్రీ పద్ధతిలో కోనోవీడరు వస్తే కలుపు పని చాలాచోట్ల పురుషుని చేతికి, పురుషుని రేటుకు మారుతుంది. ఇవన్నీ రైతుకు అవసరమైన సాంకేతికాలే. నేను కాదనడం లేదు. కాని ‘కూలీల ఆదా ఇన్ని దినాలు’ అని సిఫారసు పత్రంలో గర్వంగా రాసే మనం, ఆ ఆదా అయిన దినాలు ఎవరి దినాలో ఒక్క వాక్యం అదనంగా రాయవచ్చు.

పని పరిస్థితులు

వేతనం తరువాత చూడవలసినవి గంటలు, విరామం, నీరు, నీడ, రాకపోకలు, ప్రమాదం. వాన వచ్చి మధ్యాహ్నం పని నిలిచిపోతే ఏమి చెల్లించాలి? సగం కూలి అని ఊరి ఆచారం. పని చేయడానికి ఇష్టపడక కూలీ వెళ్ళిపోతే తప్ప, దినకూలికి పెట్టుకున్నవానికి దినమంతటి కూలి ఇవ్వాలన్నది పాత చట్టం 15వ సెక్షను సాధారణ నియమం. నియమావళిలో చెప్పిన మినహాయింపులు మాత్రం చూసుకోవాలి.

ఉపాధి హామీ చట్టం (2005) పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలనీ, ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకు మించియో ఉంటే వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించాలనీ నిర్దేశించినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం ప్రారంభమైనది. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, కూలి పనికి ఇటువంటి సదుపాయాలు హక్కుగా ఉంటాయన్న ఊహ గ్రామాలకు చేరినది అప్పుడే. పక్క పొలంలో నాటుకు వచ్చిన స్త్రీ బిడ్డ మాత్రం ఇప్పటికీ గట్టు మీది తుమ్మచెట్టు క్రింద చీర ఉయ్యాలలోనే ఉంటున్నది.

పురుగుమందుల విషయంలో మన బాధ్యత నేరుగా ఉన్నది. 1971 కీటకనాశనుల నియమావళి రక్షణ దుస్తులు, వైద్య పరీక్ష, ప్రథమ చికిత్స గురించి నిబంధనలు పెట్టినది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా మరణించారు. లీటరు నీటికి ఎంత కలపాలో చెప్పే మనం, చేతి తొడుగులు, ముసుగు ఎవరు కొనాలో చెప్పడం లేదు. కొనవలసినవాడు పని పెట్టుకున్నవాడు. మందు చల్లే పనివారు, ట్రాక్టరు వంటి యాంత్రిక సాధనాలతో జరిగే సాగులోని పనివారు 1923 నష్టపరిహార చట్టం షెడ్యూలులో ఉండేవారన్న విషయం కూడా రైతు శిక్షణలలో చెప్పదగినది. ప్రమాదం జరిగిన తరువాత తెలుసుకోవడం కంటె ముందే తెలిసి ఉండటం రైతుకు కూడా మేలు.

వలస కూలీల సంగతి వేరుగా చూడాలి. కర్నూలు పశ్చిమ ప్రాంతం నుండి గుంటూరు మిరప చేలకు, ఛత్తీస్‌గఢ్ నుండి ఖమ్మం, భద్రాద్రి మిరప తోటలకు కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు. అడ్వాన్సు ముందే తీసుకొని ఉంటారు. కూలి చివరి రోజున లెక్క చూస్తారు. తూకం యజమాని కాటా మీదనే. తేమ పేరిట, బస్తా పేరిట కొంత తీసివేస్తారు. ఇటువంటిచోట ‘కిలోకు ఎంత’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు అసలు కూలిని తెలుపదు.

సాగు ఖర్చు, మద్దతు ధర, కనీస వేతనం

చిన్న రైతు ఈ వ్యాసం చదివితే వేసే ప్రశ్న నాకు తెలుసు: నాకే గిట్టనప్పుడు కనీస వేతనం ఎక్కడి నుండి ఇవ్వాలి? ముఖ్యంగా కౌలు రైతు. కౌలు ముందే కట్టాలి, ఎరువుల ధర తన చేతిలో లేదు, గిట్టుబాటు ధర తన చేతిలో లేదు. బేరమాడగలిగినది కూలి ఒక్కటే. ఈ ప్రశ్నకు జవాబు కూలీని అడగరాదు, ధరల విధానాన్ని అడగాలి.

వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషను ఉపయోగించే సాగు ఖర్చుల సమగ్ర పథకం 1970-71 నుండి నడుస్తున్నది. అందులో ఎ2, ఎ2+ఎఫ్‌ఎల్, సి2 అన్న భావనలు విద్యార్థులందరికీ తెలిసినవే. సి2 నక్షత్రం అన్నది మాత్రం చాలామంది చదివి మరచిపోతారు. మనుషుల శ్రమను వాస్తవ రేటుకు, చట్టబద్ధమైన కనీస రేటుకు మధ్య ఏది ఎక్కువైతే దానితో విలువ కట్టిన ఖర్చు అది. దానికి రైతు నిర్వహణ శ్రమకు 10 శాతం చేర్చితే సి3 వస్తుంది. అనగా కనీస వేతనం ధర నిర్ణయంలో ప్రవేశించడానికి ద్వారం లెక్కల పుస్తకంలో ఇప్పటికే ఉన్నది. మద్దతు ధర ప్రకటనలో మాత్రం సాగుతున్నది ఎ2+ఎఫ్‌ఎల్ పైన ఒకటిన్నర రెట్లన్న లెక్క. కూలి రేటు తక్కువగా నమోదైతే ఎ2 తగ్గుతుంది. ఆ రేటుతోనే కుటుంబ శ్రమకు విలువ కడతారు కనుక రైతు స్వంత శ్రమ విలువా తగ్గుతుంది. కూలీకి తక్కువ రాసిన ప్రతిచోటా రైతు తనకు తాను తక్కువ రాసుకుంటున్నాడు. రైతు సంఘాల సమావేశాలలో ఈ ఒక్క సంబంధాన్ని బోర్డు మీద వేసి చూపితే, కనీస వేతనం అన్న మాట వినగానే ముడుచుకునే ముఖాలు కొంత తేరుకుంటాయని నా అనుభవం.

2019 వేతనాల స్మృతిని 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చారు. షెడ్యూలు జాబితా పోయి కనీస వేతనం అన్ని పనులకూ వర్తించినది. ఏ రాష్ట్రమూ కేంద్రం నిర్ణయించే మూల వేతనానికి తక్కువగా రేటు పెట్టరాదు. పాత చట్టంలో ఆరు నెలలున్న క్లెయిము గడువు మూడేండ్లయినది. తక్కువ చెల్లించలేదని నిరూపించవలసిన భారం యజమాని మీద పడినది. రికార్డు ఏదీ పెట్టుకోని రైతుకు ఇది కొత్త ఇబ్బంది. హాజరు, గంటలు, చెల్లింపు రాసుకునే ఒక చిన్న పుస్తకం నమూనాను కృషి విజ్ఞాన కేంద్రాలు తయారుచేసి ఇవ్వవచ్చు. విత్తనం, మందుల రసీదులు దాచుకోమని చెప్పినట్లే దీనినీ చెప్పాలి.

సర్వే ప్రణాళిక గురించి కడపటి మాట. కూలి ప్రశ్నలు రైతును మాత్రమే అడిగి ఊరుకోవద్దు. స్త్రీలను, పురుషులను వేరువేరుగా, మేస్త్రి ఎదుట లేనప్పుడు అడగాలి. ఇంటి నుండి బయలుదేరిన వేళ, పని మొదలైన వేళ, విరామం, ముగిసిన వేళ, ముఠాలో ఎందరు, ఎన్ని ఎకరాలు లేక ఎన్ని కిలోలు, రైతు ఇచ్చిన మొత్తం, కోతలు ఏవి, చేతికి అందినది ఎంత, ఎన్నాళ్ళకు అందినది అన్నవి విడివిడిగా రాయాలి. ఇచ్చిన కూడు, అంబలి, టీ వేరే గడిలో వేయాలి, కూలిలో కలపరాదు. ‘ఎన్ని గంటలు పని చేశారు’ అని అడిగితే సరిగ్గా జవాబు రాదు. ‘ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలిగించావమ్మా, దీపాలు పెట్టేవేళకు తిరిగి వచ్చావా’ అని అడిగితే వస్తుంది.